కాన్పుల వార్డూ, మన సాహిత్యమూ

మొన్నటి వేసవిలో గుడివాడలో మా మిత్రులం పదిమందిమి కూర్చుని ఒక నోటుబుక్కు చదివాం. అచ్చయిన పుస్తకం కాదు. ఒక వైద్య విద్యార్థిని ప్రసూతి విభాగంలో పని నేర్చుకుంటున్న రోజుల్లో, రాత్రిపూట హాస్టలుకు తిరిగి వచ్చి రాసుకున్న కాగితాలవి. చదవడం పూర్తికాగానే ఒక మిత్రుడు, చాలాకాలంగా కథలు రాస్తున్నవాడు, "ఇది అనుభవమేగాని సాహిత్యం కాదు" అన్నాడు. ఉపాధ్యాయ సంఘంలో పనిచేసే మరో మిత్రుడు, "వ్యక్తిగతమైన ఆవేదన వుంది, వ్యవస్థమీద విమర్శ లేదు" అన్నాడు. ఈ రెండు తీర్పులూ నాకు సమ్మతం కాలేదు. ఎందుకు కాలేదో ఆ పూట సరిగా చెప్పలేకపోయాను. ఆ బాకీ తీర్చుకోవడానికే ఈ వ్యాసం.

రచయిత్రిని గురించి కొద్దిగా చెప్పాలి. దివిసీమ పిల్ల. ఇంటర్మీడియట్‌లో నా దగ్గర తెలుగు చదువుకుంది. బైపీసీలో చేరినవాళ్లు మార్కులకోసం సంస్కృతం తీసుకోవడం మన కళాశాలల్లో ఆనవాయితీ. ఆ ఏడాది తెలుగు తీసుకున్న ముగ్గురిలో ఈమె ఒకతె. చదువుతున్న వైద్య కళాశాల మన జిల్లాది కాదు. బందరులో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది 2023లో, అంటే విశాఖపట్నంలో ఆంధ్ర వైద్య కళాశాల పుట్టిన 1923కి సరిగ్గా నూరేళ్లకు. అప్పటికే ఈమె వేరే జిల్లాలో చేరిపోయింది. ఆ ఆసుపత్రి పేరు నేను రాయను. రాస్తే అది ఆ ఒక్క ఆసుపత్రి లోపమనుకుని మిగిలినవాళ్లం నిశ్చింతగా నిద్రపోతాం. ఇంకొక్క సంగతి: ఈమె నాయనమ్మ మంత్రసాని.

నోటుబుక్కు ఆ నాయనమ్మ మాటతోనే మొదలవుతుంది. ప్రసూతి విభాగంలో వేశారని ఫోనులో చెబితే ఆవిడ నవ్వి, "మంత్రసానితనం ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాలే" అన్నదట. సామెత అసలు రూపం ఇంతకంటే మొరటుగా వుంటుంది, పాఠకులకు తెలుసు. తర్వాతి నాలుగు పేజీలూ మొదటిరోజు కళ్లు తిరగడం, వార్డు వాసన, గోడకు ఆనుకుని నిలబడిపోవడం. వైద్య విద్యార్థులందరూ చెప్పేవే. వీటిలో విశేషం లేదు. నోటుబుక్కు నిజంగా ప్రారంభమయ్యేది కేసు షీటు రాయడం నేర్పిన రోజున.

కేసు షీటు కూడా ఒక రచనే. దానికి వ్యాకరణముంది, శైలి వుంది, సంప్రదాయముంది. గర్భిణి చరిత్రను మూడు నాలుగు ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తారు. జి అంటే ఎన్నోసారి గర్భం, పి అంటే ఎన్ని కాన్పులు, ఎల్ అంటే బతికివున్న పిల్లలెందరు, ఏ అంటే ఎన్ని గర్భాలు మధ్యలో పోయాయి. జి మూడు, పి రెండు, ఎల్ ఒకటి అని రాస్తే డాక్టరుకు క్షణంలో బోధపడుతుంది. ఇది అవసరమైన భాషే. అర్ధరాత్రి రక్తస్రావంతో వచ్చిన మనిషి పక్కన నిలబడి కథ వినడానికి వ్యవధి వుండదు. దీనిని వెక్కిరించే ఉద్దేశం నాకు లేదు.

కాని ఆమె గమనించినదేమిటంటే, పి లోనుంచి ఎల్ తీసివేస్తే మిగిలేది ఒక బిడ్డ. ఆ బిడ్డకు కేసు షీటులో అక్షరం లేదు. తీసివేత మాత్రమే వుంది. అదే ప్రశ్నను ఆమె తెలుగులో, "ఎంతమందమ్మా పిల్లలు?" అని అడిగితే వచ్చిన జవాబు: "ఇద్దరు పుట్టారండి. ఒకడు దక్కలేదు." షీటులో ఎల్ ఒకటి అని రాసింది. నోటుబుక్కులో ‘దక్కలేదు’ అని రాసి, దాని కింద గీత గీసింది. చచ్చిపోయాడు అనలేదు, లేడు అనలేదు, దక్కలేదు అంది. దక్కడమనేది ఆస్తికి, పంటకు, న్యాయానికి వాడే మాట. కష్టపడ్డవాళ్లకు చెందవలసింది చెందకుండా పోతే వాడే మాట. తెలుగు ఎం.ఏ. చదివిన నేను ఆ గీత చూసేదాకా దానిని గురించి ఆలోచించలేదు.

ఇంతకీ మన భాషలో కాన్పుకు మాటలకు కొదవ లేదు. తొలిచూలు, మలిచూలు, చూలాలు అనేవి ప్రాచీన కావ్యాలనుంచి నేటి పల్లెటూరిదాకా నిలిచిన మాటలు. ‘నీళ్లాడింది’ అంటే కన్నది అని అర్థం. ఇక్కడ కర్త ఎవరో చూడండి. కన్నది, ప్రసవించింది, నీళ్లాడింది అన్నప్పుడు కర్త ఆ స్త్రీ. ‘డెలివరీ చేశారు’ అన్నప్పుడు కర్త డాక్టరు. స్త్రీకి వాక్యంలో చోటే లేదు. అలాగని పాత మాటలన్నీ పవిత్రమైనవనీ కాదు. ‘పురుడు పోయడం’లో కర్త మంత్రసానే. పైగా పురుడంటే కాన్పూ అవును, మైలా అవును. "మాకు పురుడండీ, గుడికి రాకూడదు" అంటారు. తల్లి చేసిన శ్రమకూ, కులం విధించిన అంటుకూ ఒకటే మాట పెట్టుకున్న సమాజం మనది. మంత్రసానులు చాలాచోట్ల మంగలి స్త్రీలు, మాలమాదిగ స్త్రీలు. బిడ్డను అందరికంటే ముందు ఎత్తుకున్న చేయి, పని కాగానే గడప బయట నిలబడి చేటెడు బియ్యమూ పాత చీరా అందుకుని వెళ్లేది. 

వ్యావహారిక భాషకోసం గిడుగు రామమూర్తి చేసిన పోరాటం బడిలో గెలిచింది, పత్రికల్లో గెలిచింది, ఆసుపత్రి గుమ్మం దగ్గర ఆగిపోయింది. 2019 నుంచి అమలైన వైద్య పాఠ్యప్రణాళికలో మొదటి నెలలోనే ప్రాంతీయ భాష నేర్పాలని వుంది. రోగితో ఎలా మాట్లాడాలో నేర్పే పాఠాలు కూడా వున్నాయి. మంచిదే. అవి ఇతర రాష్ట్రాలనుంచి వచ్చిన విద్యార్థుల కోసమని మనవాళ్లు అనుకుంటారు. ఎల్కేజీ నుంచి ఇంగ్లీషులో చదివి, ఉమ్మనీరంటే ఏమిటో, మాయ అంటే ఏమిటో తెలియక తెల్లమొహం వేసే తెలుగు పిల్లలను గురించి నోటుబుక్కులో ఒక పేజీ వుంది. ఇంకా విచిత్రం, ఆ మాటలన్నీ తెలిసిన ఈమె, తెలిసినట్టు కనిపించడానికి మొదట్లో సిగ్గుపడింది. నాయనమ్మ వృత్తి బయటపడుతుందని.

ఇక నేను ముఖ్యమనుకుంటున్న పేజీకి వస్తాను. కాగితాల వరసలో అది ఆరోది.

మూడోవారం, రాత్రి డ్యూటీ. మూడు మంచాలకు ఐదుగురు. ఒక సిస్టరు, ఒక ఆయమ్మ. పందొమ్మిదేళ్ల పిల్ల తొలిచూలు. సాయంత్రం నుంచీ మన విద్యార్థిని చెయ్యి పట్టుకుని "అక్కా, అక్కా" అంటోంది. తెల్లవారుజామున నొప్పులు ముదిరాయి. ముక్కమని అందరూ అరుస్తున్నారు. ఆ పిల్లకు శక్తి లేదు. సిస్టరు ఒక మాట అన్నది. ఆ మాట ఇక్కడ రాయను. కాన్పుల వార్డు చూసిన స్త్రీలు చాలామందికి తెలుసు, భర్త పక్కన పడుకున్నప్పటి సంగతి ఎత్తే మాట. మొదటివారంలో అది విని బాత్రూములోకి వెళ్లి ఏడ్చిన ఈమె, మూడోవారంలో తానే గొంతెత్తి, "ముక్కవేం? నీకోసం ఎంతసేపు నిలబడాలి?" అన్నది. ఆ పిల్ల ఒక్కసారి ఈమె మొహంలోకి చూసి, "తప్పయిపోయింది మేడం" అన్నది.

బిడ్డ క్షేమం, తల్లి క్షేమం. కేసు షీటులో, పేషెంటు సహకరించలేదని ఇంగ్లీషులో ఒక వాక్యం. అది రాసింది కూడా ఈమే.

మా కథకమిత్రుడు దీనిని సాహిత్యం కాదన్నాడు. ‘అక్కా’ అనే పిలుపు ‘మేడం’గా మారడానికి పట్టిన కాలమెంత? ఒక్క వాక్యం పట్టింది. ఆ ఒక్క వాక్యంలో ఒక దివిసీమ పిల్ల తన వర్గంలోనుంచి మరో వర్గంలోకి దాటిపోయింది. ఏటిమొగ రేవులో పంటెక్కినంత సులభంగా దాటిపోయింది. దాటినట్టు మొదట కనిపెట్టింది మంచం మీద వున్న పిల్ల. ఈమె తర్వాత కనిపెట్టింది. పాత్రల సంబంధం మారిన క్షణాన్ని వ్యాఖ్యానం లేకుండా పిలుపులోనే పట్టుకోగలగడం కథారచన కాకపోతే, మనం మెచ్చుకునే కథల్లో ఏది కథారచనో ఆయనే చెప్పాలి.

ఉపాధ్యాయ మిత్రుని ఆక్షేపణ ఇంతకంటే బరువైనది. సిబ్బంది చాలకపోవడం, మంచాలు చాలకపోవడం అసలు కారణాలు. ఒక విద్యార్థిని కోప్పడటం ఏపాటి విషయమని ఆయన వాదన. కాని మూడు మంచాలు, ఐదుగురు, ఒక సిస్టరు అనే లెక్క ఆ పేజీలోనే వుంది. లెక్క చెప్పింది, లెక్క వెనక దాక్కోలేదు. మంచాలు తక్కువైతే తిట్టు మంచం మీది మనిషికే ఎందుకు తగులుతుంది, మంచాలు ఇవ్వనివాడికి ఎందుకు తగలదు అన్న ప్రశ్న మనకు రావాలి. గౌరవంగా చూడాలని, కాన్పు సమయంలో తోడుగా ఒక మనిషిని వుండనివ్వాలని 2017లో కేంద్రప్రభుత్వం మొదలుపెట్టిన ‘లక్ష్య’ కార్యక్రమంలోనే వుంది. అంటే ఆ లోపం వున్నదని ప్రభుత్వ కాగితమే ఒప్పుకున్నది. మన విమర్శకులు ఒప్పుకోవడానికే ఆలస్యమైంది.

ఈ ఆలస్యానికి చరిత్ర వుంది. 1943లో తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘం ఏర్పడిన నాటినుంచి మనం శ్రమను కవితావస్తువు చేశాం. పొలంలో శ్రమ, మిల్లులో శ్రమ, రిక్షా తొక్కే శ్రమ. ఇంగ్లీషులో కూలి శ్రమకూ, కాన్పు నొప్పికీ పేరొకటే అయినా, రెండో శ్రమను మన జాబితాలో చేర్చుకోవాలని మనకు తోచలేదు. దానిని చేర్చినవారు స్త్రీవాద కవయిత్రులు. కొండేపూడి నిర్మల ‘లేబర్ రూం’ కవిత, పాటిబండ్ల రజని ‘అబార్షన్ స్టేట్‌మెంట్’, వీటిని ఇతర కవితలతోపాటు 1993లో ‘నీలిమేఘాలు’ సంకలనం పాఠకుల ముందుకు తెచ్చింది. అప్పుడు జరిగిన చర్చ గుర్తున్నవారు ఈ పత్రిక పాఠకుల్లో ఇంకా వున్నారు. నీలి రాతలన్నవారున్నారు. శరీరం తప్ప వేరే వస్తువు లేదా అన్నవారున్నారు. మన శిబిరంలోనూ వున్నారు. వస్తువు మర్యాదైనదా కాదా అని తర్జనభర్జన పడ్డామేగాని, కాన్పు గదిలో ఎవరు మాట్లాడుతున్నారు, ఎవరు వింటున్నారు అని అడగలేదు.

ఆ కవయిత్రులు మంచం మీదనుంచి రాశారు. మంచం పక్కన నిలబడినవారు రాసినది తెలుగులో ఎంత వుంది? డాక్టర్లయిన రచయితలు మనకు తక్కువేమీ కాదు. డాక్టర్ పి. శ్రీదేవి 1950ల చివర రాసిన ‘కాలాతీత వ్యక్తులు’లో వైద్య విద్యార్థులు పాత్రలుగా వున్నారు, ఆ నవల గొప్పదే, కాని దాని కేంద్రం వార్డు కాదు. కొమర్రాజు అచ్చమాంబ మాట వేరు. లక్ష్మణరావుగారి కుమార్తె, విజయవాడలో వైద్యం చేస్తూ కమ్యూనిస్టు ఉద్యమంలో పనిచేసిన మనిషి, 1957లో పార్లమెంటుకు కాంగ్రెసు తరఫున ఎన్నికయ్యారు. ఆవిడ ‘ప్రసూతి, శిశుపోషణ’ గురించి తెలుగులో పుస్తకం రాశారు. స్త్రీకి తన శరీరం గురించి తన భాషలో చెప్పవచ్చునని నమ్మిన రచన అది. తర్వాత 1990లలో హైదరాబాద్ బుక్ ట్రస్ట్ ప్రచురణగా చాలామంది చేతుల్లోకి వెళ్లిన ‘సవాలక్ష సందేహాలు’ కూడా అదే తోవలోది. సాహిత్య చరిత్రల్లో ఇలాంటి పుస్తకాలకు ఒక పంక్తి కూడా వుండదు, వైద్యగ్రంథాలు గనుక. నేనూ తరగతిలో వీటి పేరెత్తలేదు.

బయటి సాహిత్యంలో ఏముందో చూస్తే సంగతి మరికొంత తేటపడుతుంది. బుల్గాకోవ్ యువ వైద్యుడిగా మారుమూల పల్లెలో పనిచేసిన అనుభవాన్ని 1925, 26 సంవత్సరాల్లో కథలుగా రాశాడు. అందులో ఒకటి అడ్డం తిరిగిన బిడ్డను బయటికి తీయవలసివచ్చిన కథ. కుర్ర డాక్టరు గదిలోకి పరుగెత్తి పుస్తకం తిరగేస్తాడు, పుస్తకం చూసేకొద్దీ అయోమయం పెరుగుతుంది. చివరికి పనికివచ్చేది చేతులు కడుక్కుంటూండగా మంత్రసాని చెప్పిన నాలుగు ముక్కలు. మా విద్యార్థినికి ఈ కథ చదవమని ఇచ్చాను. చదివి, "బాగుంది సార్, కాని తల్లికి మత్తిచ్చేశారు కదా" అన్నది. నిజమే. ఆ కథలో తల్లి క్లోరోఫారం మత్తులో వుంటుంది. భయమూ గెలుపూ డాక్టరువే. చెహోవ్ అలా చేయలేదు. 1888 నాటి ‘నామదినపు విందు’ కథలో ఆయన ఆద్యంతం ఆ గర్భిణి మనసులోనే వుండి, నొప్పుల మధ్య ఆమెకు గది ఎలా కనిపిస్తున్నదో రాశాడు. ఆయన డాక్టరు, మగవాడు. గొడ్రాలికేం తెలుసు ప్రసవవేదన అని మన సామెత. తెలియకపోవడం పుట్టుకతో వచ్చేది కాదని ఆ కథ రుజువు చేస్తుంది. ఎక్కడ నిలబడి చూస్తున్నావన్నదాని మీద ఆధారపడుతుంది.

నిలబడటమని మాటవరసకు అనడం లేదు. నోటుబుక్కులో ఒకచోట ఆమె ఇలా గమనిస్తుంది: విద్యార్థులను మంచం కాళ్లవైపు నిలబెడతారు. అక్కడనుంచి చూడవలసినదంతా కనిపిస్తుంది, మొహం తప్ప. నాయనమ్మ మాత్రం కాన్పు కష్టమైనప్పుడు వెనక కూర్చుని, నడుముకు తన మోకాళ్లు ఆనించి, చెవిలో మాట్లాడేదట.

ఇక్కడే నోటుబుక్కు లోపం కూడా మొదలవుతుంది. ఆరో పేజీ తర్వాత రచయిత్రి నాయనమ్మను దేవతను చేసేసింది. 1977 నవంబరు ఉప్పెన తర్వాత బడి వరండాలో పురుడు పోసిన కథ, తాటాకు మంటలో నీళ్లు కాచిన కథ, అన్నీ అందంగా వచ్చాయి. అందంగా రావడమే అనుమానించవలసిన విషయం. ఆ చేతుల్లో దక్కనివారెందరు? ఉమ్మడి రాష్ట్రంలో 2004-06 నాటికి లక్ష కాన్పులకు 154 మంది తల్లులు చనిపోయేవారు. 2018-20 నాటికి ఆంధ్రప్రదేశ్‌లో అది 45. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో నూటికి 96 కాన్పులకు పైగా ఆసుపత్రుల్లోనే. అరుపులు వినిపించే ఆ వార్డే ఆ ప్రాణాలనూ కాపాడింది. నోటుబుక్కు ఈ రెండిటినీ కలిపి పట్టుకోలేకపోయింది. వార్డులో క్రూరత్వం, పల్లెలో కరుణ అనే పాత బొమ్మలోకి జారిపోయింది. ఈ బొమ్మ మన భావకవులకు ఇష్టమైనది. మంత్రసాని మనవరాలికి అవసరం లేదు.

నేర్చుకునేవారి చేతుల గురించి వైద్యచరిత్రలో ఒక పెద్ద పాఠం వుంది. 1840లలో వియన్నా ఆసుపత్రిలో రెండు ప్రసూతి విభాగాలుండేవి. ఒకదానిలో వైద్య విద్యార్థులు నేర్చుకునేవారు, రెండోదానిలో మంత్రసానులు. విద్యార్థుల విభాగంలో బాలింత జ్వరంతో చావులు చాలా ఎక్కువ. 1847లో సెమ్మెల్వైస్, శవపరీక్ష గదినుంచి తిన్నగా వచ్చే విద్యార్థుల చేతులే కారణమని గ్రహించి, బ్లీచింగు నీళ్లతో కడిగించాడు. చావులు తగ్గాయి. పెద్ద డాక్టర్లు చాలామంది ఆయన మాట నమ్మలేదు. అంతకుముందే ఆ ఊరి గర్భిణులకు సంగతి తెలుసు. రెండో విభాగంలో చేర్చుకోమని కాళ్లావేళ్లా పడేవారు. వారి మాటను సాక్ష్యంగా తీసుకునే పద్ధతి ఆ రోజున లేదు.

ప్రైవేటు నర్సింగు హోముల్లో ఈ అరుపులుండవు కదా అని చర్చలో ఒకరన్నారు. వుండవు. అదే సర్వేలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాసుపత్రుల్లో సిజేరియన్లు నూటికి 26.6, ప్రైవేటులో 63. నూటికి 10 నుంచి 15 మించితే వైద్యపరంగా సమర్థన లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1985లోనే అన్నది. డబ్బిచ్చినచోట నొప్పులకోసం ఎవరూ కాచుకుని కూర్చోరు, అందుకని అరవనవసరం కూడా లేదు.

ఈ మాట రాయడానికి నాకు కొంత సంకోచంగా వుంది. మా అబ్బాయి డెల్టాలోనే ఒక పట్నంలో, ఒక నర్సింగు హోములో పుట్టాడు. సిజేరియన్. సంతకం నేను పెట్టాను. నోటుబుక్కు చదివిన రాత్రి మా ఆవిడను మొదటిసారి ఆ రోజు గురించి అడిగాను. పెళ్లయి తొమ్మిదేళ్లు, పిల్లవాడికి ఏడేళ్లు. "నాకు మెలకువగానే వుంది. నన్నెవరూ అడగలేదు. నువ్వు సంతకం పెట్టిన కాగితంలో ఏముందో నువ్వైనా చదివావా?" అన్నది. చదవలేదు. ఇంగ్లీషు కాగితం, నాలుగు పేజీలు. వరండాలో కూర్చుని నేను ఆ సాయంత్రం చదివింది విద్యార్థుల జవాబు పత్రాలు.

నోటుబుక్కులో కొన్ని పేజీలు ఈ పత్రికకు ఇమ్మని రచయిత్రిని అడిగాను. నాయనమ్మ భాగం తిరగరాస్తానని ఒప్పుకుంది. ఆవిడ చేతుల్లో దక్కని బిడ్డల సంగతి ఆవిడనే అడుగుతానంది. సెలవులకు వచ్చినప్పుడు అడిగిందట. నాయనమ్మ చాలాసేపు మాట్లాడలేదట, తర్వాత వేళ్లమీద లెక్కపెట్టడం మొదలుపెట్టిందట. ఆ లెక్క రాస్తోంది. ఆరో పేజీ మాత్రం తీసేయమంటోంది. "డాక్టరయ్యాక ఎవరైనా చదివితే ఏమనుకుంటారు సార్" అంటుంది. పేరు లేకుండా వేద్దామన్నాను. "ఆ అమ్మాయి చదివితే?" అన్నది. దానికి నా దగ్గర జవాబు లేకపోయింది. ఆ పేజీ లేకుండా వేయడానికి నేనూ ఒప్పుకోలేదు. ప్రస్తుతానికి కాగితాలు నా బల్లమీదే వున్నాయి.